వేరే భాష పిల్ల మనింటికి వస్తే: దత్తత తెచ్చుకున్నాక మొదటి ఏడాది ఎలా నెట్టుకురావాలి

మాది విజయనగరం. మా పాప మూడేళ్ళ కిందట ఒడిశా నుంచి వచ్చింది, అప్పటికి దానికి నాలుగున్నరేళ్ళు, ఒక్క ముక్క తెలుగు రాదు, మా ఇద్దరికీ ఒడియా రాదు. ఈ మధ్య శ్రీకాకుళం, బొబ్బిలి, పలాస వైపు నుంచి ఎవరో ఒకరి దగ్గర నెంబరు పట్టుకుని ఫోన్లు చేస్తున్నారు, అందరూ అడిగేది ఒకటే, అప్లికేషన్ ఎలా పెట్టాలి, ఎన్నాళ్ళు పడుతుంది అని. పిల్ల ఇంటికొచ్చిన రాత్రి ఏటి చెయ్యాలో మాత్రం ఒక్కరూ అడగరు. మేమూ అడగలేదనుకోండి, అందుకే మొదటి నెలంతా తప్పులే చేశాం.

దత్తత చూసే కేంద్ర సంస్థ కారా, దాని వెయిటింగ్ లిస్టు దేశం మొత్తానికి నడుస్తుంది కాబట్టి రాయపూర్ పిల్లో నాగపూర్ పిల్లో మీకు రావచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇక్కడి పిల్లల్ని తీసుకెళ్తే దేశమే మారిపోతుంది, వాళ్ళకి కాగితాలు వేరే గానీ ఇంట్లో జరిగేది మాత్రం ఇదే. చంటిపిల్లల సంగతి వేరు, నేను చెప్పేదంతా రెండేళ్ళు దాటి, ఒక హోమ్‌కి, అంటే దత్తతకి ముందు పిల్లల్ని పెంచే ఆశ్రమానికి, అలవాటు పడిపోయిన పిల్లల గురించి.

ముందుగా, తీసుకురాకముందే కనుక్కోవాల్సినవి

రిఫరల్ వచ్చాక, అంటే ఫలానా పిల్ల అని కారా పోర్టల్‌లో మీకు చూపించాక, రిజర్వ్ చేసుకోడానికి 48 గంటలు, అక్కడికెళ్ళి పిల్లని చూసి ఓకే చెప్పడానికి 30 రోజులు ఉంటుంది. 48 గంటల్లో చేయాల్సింది, పోర్టల్‌లో ఉన్న మెడికల్ రిపోర్టూ చైల్డ్ స్టడీ రిపోర్టూ ప్రింట్ తీసి మీకు తెలిసిన పిల్లల డాక్టరుకి చూపించడం. ఆ 30 రోజుల్లో మాత్రం కాగితాలు వదిలేసి, హోమ్‌లో అన్నం పెట్టే ఆయమ్మని పట్టుకోండి. ఆఫీసులో ఉన్న మేడమ్‌కి తెలియనివన్నీ ఆవిడకి తెలుసు. పిల్ల ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది, లైటు వేసి ఉంచుతారా ఆపేస్తారా, అన్నంలో ఏం కలిపితే తింటుంది, ఏడిస్తే ఎలా ఊరుకుంటుంది, పక్క మంచం మీద ఎవరు పడుకునేవారు, ముద్దుగా ఏమని పిలుస్తారు, ఏం పాట పాడతారు. ఆ పాట ఫోన్లో రికార్డు చేసుకోండి. మేం సగం అడిగాం సగం మర్చిపోయాం, ఆ మర్చిపోయిన సగమే తర్వాత రాత్రుళ్ళు మమ్మల్ని చంపుకు తింది.

ఇంకోటి, పిల్ల కప్పుకునే పాత దుప్పటో, వేసుకునే పాత గౌనో అడిగి తెచ్చుకోండి, ఇంటికి తెచ్చి ఉతక్కండి. కొత్త బట్టలు, కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త భాష, దాని ముక్కుకి తెలిసినదంటూ ఒకటైనా ఉండాలి కదా. మా అత్తగారు మొదటి రోజే "ఛీ, మురికోడుతోంది" అని సర్ఫ్‌లో నానబెట్టేసింది, దాని మీద మాకు పెద్ద గొడవే అయ్యింది.

ప్రయాణం పగలు పెట్టుకోండి. మేం భువనేశ్వర్‌లో పొద్దున్న రైలెక్కాం, ఆరు గంటలకి అటూ ఇటూ పడుతుంది. బాలుగావ్ దగ్గర చిలకా సరస్సు కనపడేసరికి అది కిటికీ ఊచలు పట్టుకుని "పాణి, పాణి" అంది, రోజు మొత్తానికి అదొక్కటే మాట. ఏడవలేదు. పిల్ల ఏడవట్లేదని మేం సంతోషించాం, ఎంత తెలివితక్కువ వాళ్ళమో చూడండి, భయం పీకల దాకా ఉన్న పిల్ల ఏడవదు, బొమ్మలా కూర్చుంటుంది.

మొదటి మూడు నెలలు ఇంటిని బోరు కొట్టించండి

మొత్తంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా నాకు చాలు. మనవైపు పిల్ల వచ్చిందంటే స్టేషన్‌కే పదిమంది వస్తారు, ఇంటి దగ్గర దిష్టి తీస్తారు, సాయంత్రానికి మేడమీద షామియానా వేసేస్తారు, పిన్ని ఎత్తుకుంటుంది, పెద్దమ్మ ఎత్తుకుంటుంది, ఎదురింటి మావయ్య చాక్లెట్ పెడతాడు. ప్రేమతోనే. కానీ హోమ్‌లో పెరిగిన పిల్లకి అన్నం పెట్టే చేతులు షిఫ్టు షిఫ్టుకీ మారిపోతాయి, ఎవరైనా ఎత్తుకుంటారు, ఎవరైనా దించేస్తారు, కాబట్టి ఇక్కడ కూడా ఇరవై మంది ఎత్తుకుంటే దానికి ఇది ఇంకో హోమ్, కొంచెం పెద్ద హోమ్, అంతే. అమ్మ అంటే ఎవరు అన్నది దానికి మాటల్లో చెప్తే అర్థం కాదు, ఆకలేసినప్పుడల్లా ఒకటే మొహం కనపడాలి.

అందుకని రూలు పెట్టుకోండి. తినిపించడం, స్నానం, పడుకోబెట్టడం, దెబ్బ తగిలితే ఊరుకోబెట్టడం, ఈ నాలుగూ అమ్మానాన్న మాత్రమే చేయాలి. తాతమ్మలూ పిన్నులూ రావచ్చు, పక్కన కూర్చోవచ్చు, వంటలో సాయం చెయ్యొచ్చు, ఆడించొచ్చు, తినడానికి పెట్టకూడదు ఎత్తుకోకూడదు. ఇది చెప్పడానికి గుండె ధైర్యం కావాలి, మా ఆడపడుచు నెల రోజులు మాట్లాడలేదు. ఫంక్షన్ మూడు నెలల తర్వాత పెట్టుకుంటాం, డాక్టరు చెప్పారు అని డాక్టరు మీదకి తోసెయ్యండి, మనవాళ్ళు డాక్టరు మాట వింటారు.

"ఎంత కలుపుగోలు గుంటో, ఎవరు పిలిచినా ఎల్లిపోతోంది" అని వీధిలో మురిసిపోతారు. మీరు మురిసిపోకండి. మా పాప రెండో వారంలో గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి చెయ్యి పట్టుకుని గేటు దాకా వెళ్ళిపోయింది. ఎవరితోనైనా వెళ్ళిపోయే పిల్లకి ఇంకా ఎవరూ సొంతం కాలేదని అర్థం. కొత్తవాళ్ళు రాగానే ఎత్తుకుని మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. నాలుగైదు నెలలయ్యాక కొత్త మనిషిని చూసి మీ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుందనుకోండి, ఆ రోజు పాయసం వండుకోండి.

నన్ను మొదట్లో అది "మాఉసి" అనేది. అంటే పిన్ని అని, హోమ్‌లో ఆయమ్మలందర్నీ అలాగే పిలుస్తారు. రెండు నెలలు నేను దానికి ఇంకో ఆయమ్మనే. "అమ్మా అను, అమ్మా అను" అని వెంటపడకండి, మీ గురించి మీరే "అమ్మ అన్నం పెడుతుంది", "అమ్మ వస్తోంది" అని మాట్లాడుకుంటూ తిరగండి, మాట దానంతటదే వస్తుంది.

నాన్నల సంగతి. హోమ్‌లో పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే, మగ గొంతు వింటే కొంతమంది పిల్లలు మంచం కిందకి దూరిపోతారు. మా ఆయన తెలివిగా ఒక పని చేశారు, రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే దానివైపు చూడకుండా హాల్లో కింద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవారు, గింజలు గిన్నెలో వేసి గిన్నె కొంచెం దూరంగా జరిపేవారు. తొమ్మిదో రోజుకి గిన్నె దగ్గరకొచ్చింది, ఇరవయ్యో రోజుకి ఒళ్ళోకొచ్చింది.

తిండి

హోమ్‌లో తిన్నదే ముందు పెట్టండి, మనవి తర్వాత. మనకీ ఒడిశాకీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు, వాళ్ళ పఖాళ మన తరవాణీ అన్నదమ్ములే, ముఢి అంటే మన మురీలే, మరమరాలు. దాల్మా అంటే కూరగాయలు వేసిన పప్పు. తేడా అంతా కారంలో ఉంది, మన ఆవకాయ, ఉల్లికారం దాని నాలిక మీద నిప్పు పెట్టినట్టే, నెలకొక చిటికెడు పెంచుకుంటూ పోండి. ఛత్తీస్‌గఢ్ పిల్ల అయినా అన్నం తినే పిల్లే, చద్దన్నాన్ని వాళ్ళు బోరే బాసీ అంటారు. గోధుమరొట్టెల వైపు నుంచి వచ్చిన పిల్ల అయితే రోజూ ఒకపూట రొట్టె చెయ్యండి, మన అన్నం దానికి తిన్నట్టే ఉండదు.

దాచుకోవడం చూస్తారు. దిండు కింద అన్నం ముద్దలు, జామెట్రీ బాక్సులో ఇడ్లీ ముక్క, చీమలు బారు కట్టేదాకా మాకు తెలియలేదు. తిట్టకండి, వెతికి పారేసి పరువు తీయకండి. దానికి అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, మురీలు, అరటిపండు, రెండు బిస్కెట్లు వేసి, ఇది నీదే అని చూపించండి, ఎప్పుడూ ఖాళీ అవ్వనివ్వకండి. రాత్రి పక్కన పెట్టుకుని పడుకుంటే పడుకోనివ్వండి. మాకు ఐదు నెలలు పట్టింది, ఒకరోజు డబ్బా మూత తీసే ఉంది, లోపల అరటిపండు నల్లబడిపోయింది, మర్చిపోయింది.

కడుపు నిండినా ఆపకుండా తినే పిల్లలు కూడా ఉంటారు, పళ్ళెం లాక్కోకండి, కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెట్టండి.

పడక

వరసగా పడుకోబెట్టిన పిల్ల అది, సొంత రూము, బార్బీ దుప్పటి, ఏసీ అని డబ్బులు పోసి అలంకరించకండి, మేం పోశాం, ఒక్క రాత్రి కూడా అందులో పడుకోలేదు. మీ గదిలోనే కింద పరుపు వేసి పక్కనే పడుకోండి, చిన్న లైటు ఉంచండి, మనకి కరెంటు పోవడం కొత్తేం కాదు కాబట్టి ఛార్జింగ్ లైటు కూడా. రాత్రి కళ్ళు తెరిచే ఉండి కేకలు పెడుతూ మిమ్మల్ని గుర్తుపట్టకపోతే కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా పక్కన కూర్చోండి, దానికదే సద్దుమణుగుతుంది. నాలుగేళ్ళ పిల్ల చంకెక్కుతానంటే ఎక్కించుకోండి, పాలసీసా అడిగితే ఇవ్వండి. "ఇంత గుంటకి సీసా ఏటమ్మా" అని అంటారు, అననివ్వండి, ఆ వయసులో దానికి దొరకనిది ఇప్పుడు అడుగుతోంది, కొన్నాళ్ళకి అదే ఒగ్గేస్తుంది.

భాష

పిల్ల రాకముందే మీరు పాతిక మాటలు నేర్చుకోండి. ఒడియా అయితే పాణి అంటే నీళ్ళు, భాత అంటే అన్నం, భోక అంటే ఆకలి, నిద అంటే నిద్ర, డర అంటే భయం, పేట అంటే పొట్ట, ఆస అంటే రా. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి, అటువైపు చుట్టాలుంటే ఫోన్లో దొరుకుతారు, "నీకేం నొప్పి" లాంటి ముఖ్యమైన ప్రశ్న అడిగించడానికి ఒక మనిషి రెడీగా ఉండాలి. కానీ రోజూ ఫోన్ చేయించకండి, దాని భాషలో మాట్లాడే గొంతు విన్నప్పుడల్లా తిరిగి తీసుకెళ్ళిపోతారేమో అని కొంతమంది పిల్లలు భయపడతారు. మాది ఒకసారి మంచం కిందే రెండు గంటలుంది.

కొన్ని వారాలు ఏమీ మాట్లాడదు. "గుంట మాటాడదేటి, మూగదేటి" అని అనేవాళ్ళుంటారు. చెవి పరీక్ష మాత్రం చేయించుకోండి, అది బాగుంటే ఓపిక పట్టండి. ముందు అర్థం చేసుకోవడం వస్తుంది, మాట తర్వాత. ఇంకో వింత, మాట్లాడేవాళ్ళు లేకపోతే పాత భాష నెలల్లోనే పోతుంది, మా పాపకి ఇప్పుడు ఆ పాట రాగం తప్ప ఒక్క మాట రాదు, రికార్డు చేసి పెట్టుకోమన్నది అందుకే.

పేరు వెంటనే మార్చకండి. నక్షత్రం ప్రకారం పెట్టాలంటారు, నక్షత్రం ఎక్కడ తెలుసు, చాలామంది పిల్లల పుట్టినరోజే డాక్టరు అంచనా వేసి రాసింది. కొత్త పేరు పెట్టినా పాతది ఇంట్లో పిలిచే ముద్దుపేరులా ఉంచెయ్యండి, దానితో పాటు వచ్చిన ఆస్తి అదొక్కటే.

డాక్టరు

మొదటి పదిహేను రోజుల్లో ఒకసారి వెళ్ళండి, హోమ్ రిపోర్టు ఉన్నా సరే. రక్తహీనత, నులిపురుగులు, విటమిన్ డి, పళ్ళు, కళ్ళు, చెవులు, టీబీ, హెపటైటిస్ బి, హెచ్ఐవీ, ఇవి అడగండి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మన ఏజెన్సీ వైపు పిల్లలైతే సికిల్ సెల్ టెస్టు కూడా, అది పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. టీకాల కార్డు లేకపోతే వేసిన లెక్క లేనట్టే అనుకుని డాక్టరు మళ్ళీ షెడ్యూలు వేస్తారు. ఎత్తూ బరువూ నెలనెలా ఒక పుస్తకంలో రాయండి. ఆడపిల్లలకి ఇంకోటి, విదేశాలకి దత్తతెళ్ళిన పిల్లల్లో కొందరికి ఈడు తొందరగా వస్తుందని డాక్టర్లు గమనించారు, ఎనిమిదేళ్ళ లోపే ఒంట్లో మార్పులు కనిపిస్తే హార్మోన్ల డాక్టరుకి చూపించండి.

డాక్టరు దగ్గర ఒక మాట ముందే చెప్పండి, ఇంజెక్షన్ అప్పుడు పిల్ల మీ ఒళ్ళోనే ఉండాలి. మాకు ఒకచోట నర్సు లాక్కుని లోపలికి తీసుకెళ్ళిపోయింది, మళ్ళీ నన్ను నమ్మడానికి వారం పట్టింది.

తలనీలాలు, చెవులు కుట్టించడం ఏడాది ఆపండి. పైడితల్లమ్మో సింహాద్రప్పన్నో ఏమీ అనుకోరు. హోమ్‌లో పేలకోసం చాలాసార్లు గుండు గీసి ఉంటారు, జుట్టు పెరగడం దానికి ఎంత ముచ్చటో.

చుట్టాల నోళ్ళు

ఏ కులం పిల్ల, ఎవరు కన్నారు, ఎందుకు ఒగ్గేశారు. ఇవి పిల్ల ముందే అడుగుతారు. ఒకటే జవాబు కంఠతా పెట్టుకోండి, "అది మా పాప, మిగతాది దాని సొంత విషయం, పెద్దయ్యాక దానికి చెప్తాం." మీకు తెలిసిన సంగతులు అమ్మమ్మకి కూడా చెప్పకండి, అమ్మమ్మకి చెప్తే ఊరికి చెప్పినట్టే.

ఇక కొన్ని మాటలు ఇంట్లో బ్యాన్. "అల్లరి చేస్తే మళ్ళీ అక్కడికే పంపేస్తాం", "పోలీసుకి పట్టిస్తాం", అన్నిటికన్నా ముఖ్యంగా "నిన్ను తవుడుకి కొనుక్కున్నాం". మనందర్నీ చిన్నప్పుడు ఈ మాటతోనే ఏడిపించారు, తమాషాయే, కానీ దీనికి తమాషా కాదు. దత్తత అనే మాట మాత్రం దాచకండి. పదేళ్ళొచ్చాక చెప్దాం అనుకుంటే ఈలోపు బడిలో ఎవరో చెప్పేస్తారు. మేం ఫోటోలు అంటించి ఒక నోటుబుక్ చేశాం, మొదటి పేజీలో హోమ్ గేటు, రెండో పేజీలో ఆయమ్మ, మూడో పేజీలో రైలు. వారానికోసారి అదే తెచ్చి చదవమంటుంది, రైలు దగ్గర "పాణి" అని నేననాలి, మర్చిపోతే ఊరుకోదు.

జనం ఉన్న చోటికి తీసుకెళ్ళడానికి తొందరపడకండి. పాప వచ్చిన నెలన్నరకే దసరా అయ్యింది, ఆ తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, విజయనగరంలో ఉండి సిరిమాను చూపించకపోతే ఎలా అని మూడులాంతర్ల దగ్గరకి ఎత్తుకెళ్ళాం. ఆ డప్పులు, ఆ తోపులాట, అంత ఎత్తున మాను చివర కూర్చున్న పూజారి, అది మా ఆయన చొక్కాలోకి తలదూర్చి ఉచ్చ పోసేసుకుంది. మరుసటి ఏడాది తెలిసినవాళ్ళ మేడ మీద నుంచి చూపించాం, మూడో ఏడాది అదే లాక్కెళ్ళింది.

బడి

ఆరేళ్ళు దాటిన పిల్లయితే విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వయసుకి తగ్గ క్లాసులోనే చేర్చుకోవాలి, వయసు కాగితం లేదని సీటు ఇవ్వకపోవడం కుదరదు. కుదిరితే మొదటి మూడు నెలలు అసలు పంపకండి. తర్వాత దగ్గర్లో ఉన్న చిన్న బడి, అంగన్‌వాడీ అయినా పరవాలేదు, మొదట గంట, తర్వాత రెండు గంటలు, గేటు దగ్గర మీరే కనపడాలి. సాయంత్రం స్టడీ అవర్లుండే బడి వద్దు. హాస్టల్ మాట ఎత్తనే వద్దు. బడిలో "మీ చిన్నప్పటి ఫోటో తెండి" అనే హోంవర్క్ ఒకటి ఇస్తారు, టీచరుకి ముందే చెప్పి పెట్టుకోండి.

మీ సంగతి

ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న పిల్ల మీద నాకు రెండో నెలలో చిరాకు వచ్చేది, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని, ఏదో తప్పు చేశామనిపించేది. కన్నతల్లులకి కాన్పు తర్వాత వచ్చే దిగులు లాంటిది మనకీ వస్తుంది, ఎవరికీ చెప్పుకోలేం, అడిగి తెచ్చుకున్నావు కదా అంటారు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. నేను చేశాను.

కాగితాలు

2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డరు కోర్టు కాదు, జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. దాంతో బర్త్ సర్టిఫికెట్, తర్వాత ఆధార్, రేషన్ కార్డు, ఈ వరసలో వెళ్ళండి. రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి దత్తత చూసేవాళ్ళు ఇంటికొచ్చి పిల్లని చూసి రిపోర్టు రాస్తారు, విదేశాల్లో ఉన్నవాళ్ళకైతే మొదటి ఏడాది మూడు నెలలకోసారి. వాళ్ళొస్తున్నారని ఇల్లు కడిగి, పిల్లకి పట్టుపావడా కట్టి, అంతా బ్రహ్మాండం అని చెప్పకండి, నిద్రపోవట్లేదు, కొరుకుతోంది, ఏం చెయ్యాలి అని అడగండి. అయితే ఒకటి, ఆ ఫైలు పట్టుకుని కొత్తవాళ్ళు ఇంట్లోకి వస్తే తనని తీసుకెళ్ళడానికే వచ్చారనుకుంటుంది. ముందురోజే చెప్పాలి, టీ తాగి వెళ్ళిపోతారు, నువ్వు ఇక్కడే ఉంటావు, రాత్రికి పప్పు వండుతాను అని. వాళ్ళు వెళ్ళాక గేటు గడియ దానితోనే వేయించండి.